కోపంలో ఉన్న సభను ఒప్పించడం ఎలా? ఏథెన్స్ యుద్ధకాలపు ఉపన్యాసంతో ఒక అభ్యాసం

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేసే పని కూడా చాలా ఏళ్లుగా నాదే. యుద్ధం మీద ఏ అంశం ఇచ్చినా మా పిల్లల్లో కొందరు గొంతు పెంచుతారు, కొందరు కన్నీళ్లు పెట్టించాలని చూస్తారు. రాయబారం పద్యాలు వింటూ పెరిగినవాళ్లు, చప్పట్లు కొట్టించుకోవడం వాళ్లకు పెద్ద కష్టం కాదు. చప్పట్లు కొట్టినవాళ్లంతా మనవైపు ఓటేస్తారన్న నమ్మకం మాత్రం లేదు. అందుకే వాళ్లచేత ఒక అభ్యాసం చేయిస్తాను. క్రీ.పూ. 427లో ఏథెన్స్ సభలో డయోడోటస్ అనే పౌరుడు చేసిన పనిని మళ్లీ చేసి చూపించాలి. నిన్న చేతులెత్తి మిటిలీనీ అనే ఊరి మగవాళ్లందరికీ మరణశిక్ష వేసిన జనం ముందు ఇవాళ నిలబడి, ఆ చేతులతోనే దాన్ని రద్దు చేయించాలి. జాలి చూపమని అడగకూడదు.

ప్రాచీన గ్రీసు ఉపన్యాసాలు అనగానే అందరూ యుద్ధంలో చనిపోయినవాళ్లకు నివాళిగా ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ చేసిన ప్రసంగం దగ్గరికే వెళ్తారు. గొప్ప ప్రసంగమే, కాదనను. కానీ ఆ రోజు అక్కడ తేల్చాల్సిన తీర్మానమేదీ లేదు, ఎదురు మాట్లాడేవాడూ లేడు. ఒప్పించడం నేర్చుకోవాలంటే ఎదురుగాలి వీచిన రోజునే తీసుకోవాలి.

ముందు సభను చదవండి

ఉపన్యాసంలో ఒక్క వాక్యం రాయకముందే వినేవాళ్ల గురించి ఒక పేజీ రాసుకోండి. వాళ్లు ఏం ఖర్చుపెట్టారు, ఏం పోగొట్టుకున్నారు, దేనికి భయపడుతున్నారు? ఈ మూడూ తెలియకుండా రాసిన ఉపన్యాసం ఎంత బాగున్నా గాలికి పోతుంది.

మిటిలీనీ విషయంలో ఆ పేజీ ఇలా ఉంటుంది. లెస్బోస్ ద్వీపంలో పెద్ద నగరం మిటిలీనీ. ఏథెన్స్ కూటమిలో ఉన్న చాలా నగరాల్లా కప్పం కట్టేది కాదు. సొంత నౌకలు, సొంత పాలన. క్రీ.పూ. 428లో అది తిరగబడి స్పార్టా సాయం కోరింది. అప్పటికి స్పార్టాతో యుద్ధం నాలుగో ఏట నడుస్తోంది. 430లో వచ్చిపడ్డ మహమ్మారి ఏథెన్స్‌లో ఇంటింటా చావు చూపించింది. 429లో పెరిక్లీస్ కూడా పోయాడు. మిటిలీనీ ముట్టడి ఖర్చు కోసం పౌరులు తమ మీద తామే 200 టాలెంట్ల (టాలెంటు ఆనాటి పెద్ద డబ్బు లెక్క) ఆస్తిపన్ను వేసుకున్నారు. సేనాని పాకీస్‌తో పంపిన 1000 మంది కాలిబంట్లు పడవల్లో తెడ్లు కూడా తామే వేసుకుంటూ వెళ్లారు. ఇంత చేస్తే, కష్టకాలం చూసి వెన్నుపోటు పొడిచింది మనం గౌరవంగా చూసుకున్న మిత్రనగరం. పైగా స్పార్టా నౌకాదళం ఈజియన్ సముద్రం దాటి లెస్బోస్ వైపు తీరానికి రావడానికి తెగించింది. 427లో నగరం లొంగిపోయింది. సభ కూడి, వయసొచ్చిన మగవాళ్లందర్నీ చంపాలనీ ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలు చేయాలనీ తీర్మానించింది. ఆ ఆజ్ఞ తీసుకుని ఒక ట్రైరీం, అంటే మూడు వరసల తెడ్ల యుద్ధనౌక, వెంటనే బయల్దేరింది.

ఈ పేజీ చదివాక మా పిల్లలకు ఒక సంగతి అర్థమవుతుంది. ఆ సభ రాక్షసుల సభ కాదు. దానికి కోపం రావడానికి కారణాలున్నాయి. ఆ కారణాలను కొట్టిపారేసే వక్త నోరు తెరిచిన నిమిషంలోనే ఓడిపోతాడు.

సభ పద్ధతి కూడా తెలుసుకోవాలి. ప్నిక్స్ అనే కొండ మీద ఆరుబయట కూడేవాళ్లు. వేలమంది. కొన్ని రకాల నిర్ణయాలకు 6000 మంది ఉండాలన్న లెక్క ఉండేది. చాటింపు వేసేవాడు “ఎవరు మాట్లాడతారు?” అని అడుగుతాడు. ఏ పౌరుడైనా వేదిక ఎక్కవచ్చు. ఓటు చేతులెత్తడమే. పక్కవాడు చూస్తుండగా ఎత్తాలి. ఈ చివరి సంగతిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

వేదిక ఎక్కకముందు జరగాల్సిన పని

తీర్మానం చేసిన మర్నాటికే చాలామంది మనసు మారింది. తప్పు చేసినవాళ్లనే కాకుండా నగరం మొత్తాన్ని చంపడం ఘోరం అనిపించింది. అయితే అనిపించడం వేరు, సభ మళ్లీ కూడటం వేరు. ఏథెన్స్‌లో ఉన్న మిటిలీనీ రాయబారులు, వాళ్లకు సాయపడే ఏథెన్స్ పౌరులు కలిసి అధికారుల దగ్గరికి వెళ్లి, విషయాన్ని మళ్లీ సభ ముందు పెట్టించారు. జనం పునరాలోచన కోరుకుంటున్నారని అధికారులకూ కనబడుతోంది కాబట్టి ఒప్పుకున్నారు. ఉపన్యాసం ఎంత గొప్పదైనా, దాన్ని వినడానికి సభ కూడకపోతే లాభం లేదు. మీ అభ్యాసంలో ఈ భాగాన్ని వదిలేయకండి. ఇద్దర్ని రాయబారులుగా పెట్టి, అధికారిని ఒప్పించే సంభాషణ రెండు నిమిషాలు చేయించండి.

ఎదుటివాడి ఉపన్యాసం మీరే చేసి చూడండి

మొదటి తీర్మానం పెట్టింది క్లియోన్. ఈ యుద్ధం చరిత్ర రాసిన ఏథెన్స్‌వాడు థుసిడిడీస్ అతన్ని పౌరులందరిలో దురుసైనవాడనీ, జనాన్ని ఒప్పించడంలో అప్పట్లో అతన్ని మించినవాడు లేడనీ అంటాడు. ఈ ఉపన్యాసాలు మాటకు మాట అలాగే జరిగాయని అనుకోవద్దు. అందరూ అన్న మాటలు అక్షరాలా గుర్తుండటం కష్టమనీ, మొత్తం భావానికి దగ్గరగా ఉంటూ సందర్భానికి తగినట్టు రాశాననీ థుసిడిడీసే ముందుగా చెప్పుకున్నాడు. మన పనికి అది చాలు.

డయోడోటస్ పాత్ర తీసుకున్నవాళ్లచేత నేను ముందు క్లియోన్ ఉపన్యాసమే చేయిస్తాను. మనస్ఫూర్తిగా చేయాలి. ఎందుకంటే అందులో బలముంది. క్లియోన్ మిటిలీనీని తిట్టడం కన్నా ముందు శ్రోతలనే తిడతాడు: ప్రజాస్వామ్యానికి ఇతరులను ఏలడం చేతకాదు, మీ సామ్రాజ్యం నిరంకుశత్వమే, అది మీరు మరిచిపోతున్నారు. మాటలు చూడటానికి వస్తారు, పనుల గురించి వినడానికి వస్తారు. తరచూ మార్చే మంచి చట్టం కన్నా మార్చని చెడ్డ చట్టమే మేలు. సామ్రాజ్యానికి మూడు గండాలు: జాలి, మాటల మోజు, మెత్తదనం.

గమనించండి, ఇందులో మూడు ఉచ్చులున్నాయి. మనసు మార్చుకోవడం బలహీనత అన్నాడు. చక్కగా మాట్లాడేవాళ్లను నమ్మొద్దన్నాడు. తనకు ఎదురు మాట్లాడేవాడు లంచం తిన్నవాడో, తెలివి ప్రదర్శించాలనుకునేవాడో అయి ఉండాలన్నాడు. తర్వాత వేదిక ఎక్కే మనిషి ఏం మాట్లాడినా ముందే అనుమానం నాటేశాడు. యుద్ధకాలంలో ఈ మూడు ఉచ్చులూ ఏ దేశంలోనైనా పన్నుతారు. వాటిని పేరు పెట్టి గుర్తుపట్టడం నేర్చుకుంటే మీ పని సగమైనట్టే.

మొదటి రెండు నిమిషాలు: వినిపించుకునే హక్కు

డయోడోటస్ వెంటనే మిటిలీనీ సంగతి ఎత్తడు. ఉపన్యాసంలో చాలా భాగం మాట్లాడే హక్కు మీదే ఖర్చుపెడతాడు. మంచి ఆలోచనకు తొందర, కోపం రెండూ శత్రువులంటాడు. ఎదుటివాణ్ని లంచగొండి అని ముందే ముద్రవేస్తే, అతను గెలిచినా అనుమానిస్తారు, ఓడితే తెలివితక్కువవాడనే కాక దొంగ అని కూడా అంటారు. చివరికి నష్టపోయేది సభే, భయంతో మంచి సలహాదారులు నోరు విప్పరు అంటాడు. మంచి పౌరుడు ఎదుటివాళ్లను బెదిరించి కాకుండా సమానంగా వాదించి గెలవాలంటాడు.

మా పిల్లలకు ఇక్కడ తొందర. “మేడమ్, అసలు విషయం ఎప్పుడు?” అంటారు. కానీ ఈ భాగం తీసేసి చేయించి చూశాను. శ్రోతలుగా కూర్చున్న పిల్లలు రెండో వాక్యానికే “ఎంత తీసుకున్నావ్?” అని అరిచారు. క్లియోన్ నాటిన విత్తనం మొలిచింది. కాబట్టి మీ ఉపన్యాసం మొదట్లో మూడు పనులు జరగాలి: మళ్లీ ఆలోచించడం సిగ్గుపడాల్సిన పని కాదని చెప్పాలి, మీ మీద పడబోయే నిందను మీరే ఎత్తాలి, ఆ నింద వల్ల నష్టం మీకు కాదు సభకేనని చూపాలి. సభను పొగడొద్దు. డయోడోటస్ పొగడలేదు.

నేరాన్ని ఒప్పుకోండి, ప్రశ్నను మార్చండి

ఈ ఉపన్యాసానికి ఇరుసు లాంటి చోటు ఇది. డయోడోటస్ వాదన సారాంశాన్ని నా మాటల్లో చెబుతాను: వాళ్లు ఘోరమైన తప్పు చేశారని నేనే రుజువు చేసినా, మనకు లాభం లేకపోతే చంపమనను. వాళ్లకు క్షమించదగ్గ కారణం ఉన్నా, నగరానికి మేలు కాకపోతే వదిలేయమనను. మనం న్యాయస్థానంలో లేము, వాళ్లకేం న్యాయమో తేల్చడానికి రాలేదు. వాళ్లవల్ల మనకేది ప్రయోజనమో ఆలోచించడానికి కూర్చున్నాం.

ఈ ఒక్క మలుపుతో క్లియోన్ చేతిలోని ఆయుధం పక్కకు పోతుంది. నేరం ఎంత పెద్దదో అతను ఇంకా చెబుతూనే ఉండొచ్చు. చర్చ మాత్రం అక్కడ లేదు. తర్వాతి శతాబ్దంలో అరిస్టాటిల్ ఉపన్యాసాలను మూడు రకాలుగా విడదీసినప్పుడు, సభలో సలహా చెప్పే ఉపన్యాసానికి లక్ష్యం మేలుకీడులేననీ, న్యాయాన్యాయాలు కోర్టు ఉపన్యాసానివనీ రాశాడు. డయోడోటస్ ఆ గీతను అప్పటికే సభలో గీసి చూపించాడు.

న్యాయం మాట పక్కనపెట్టడం నాకు ఇప్పటికీ గుండెలో ముల్లులాగే ఉంటుంది. వేలమంది ప్రాణాలను లాభనష్టాల తక్కెడలో పెట్టకూడదని నా నమ్మకం. కానీ ఆ కొండ మీద ఆ ఉదయం న్యాయం అనే మాట క్లియోన్ చేతిలో ఉంది. దాన్ని లాక్కునే సమయం లేదు, నౌక అప్పటికే సముద్రంలో ఉంది. పిల్లలు దీనిమీద వాదించుకుంటే నేను ఆపను, ఎంతసేపైనా వాదించుకోనిస్తాను.

తర్వాతి ఊరిని కళ్లముందు పెట్టండి

ఇక అసలు వాదన. మరణశిక్ష భయంతో తిరుగుబాట్లు ఆగవు అంటాడు డయోడోటస్. మనుషులు తప్పు చేయడం స్వభావం. పేదరికం తెగింపునిస్తుంది, కలిమి అత్యాశనిస్తుంది. కోరిక ముందు నడుస్తుంది, ఆశ వెనకే వస్తుంది. ఇది సిద్ధాంతం. ఇక్కడే ఆగితే సభ కదలదు. అందుకే వెంటనే రేపటి ముట్టడిలోకి తీసుకుపోతాడు. ఇప్పుడైతే తిరగబడ్డ ఊరు తాను గెలవలేనని తెలియగానే, ఖర్చులు చెల్లించి ఇకముందు కప్పం కట్టే స్థితిలో ఉండగానే లొంగిపోతుంది. ముందు లొంగినా చివర లొంగినా చావే అయితే, ఏ ఊరు లొంగుతుంది? ఇంకా బాగా సిద్ధమై చివరిదాకా పోరాడుతుంది. మనం ముట్టడికి డబ్బు పోస్తూ కూర్చుంటాం. చివరికి చేతికొచ్చేది పాడుబడ్డ ఊరు, దాన్నుంచి రాబడి శూన్యం. మన బలమంతా ఆ రాబడిలోనే ఉంది.

దీన్ని అభ్యాసం చేసేటప్పుడు మీ మొదటి పేజీలో రాసుకున్న ఖర్చును ఇక్కడ బయటికి తీయండి. ఒకసారి మా క్లాసులో ఒక అమ్మాయి బోర్డు మీద పెద్ద అక్షరాలతో 200 అని రాసి, సభ వైపు తిరిగి, “ఈ పన్ను కట్టినవాళ్లు చేతులెత్తండి” అంది. ఎత్తారు. “వచ్చే ఏడు ఇంకో ఊరికి మళ్లీ కట్టగలిగినవాళ్లే చేతులు దించకండి” అంది. చేతులు ఒక్కొక్కటే దిగాయి. థుసిడిడీస్‌లో ఇది లేదు, ఆ పిల్ల సొంత తెలివి. చివర్లో ఓటుకు ఎత్తాల్సిన చేతులను మధ్యలోనే ఒకసారి కదిలించింది. ఇలాంటిది మీ పిల్లలెవరైనా కనిపెడితే అడ్డుపడకండి.

తర్వాత శత్రువును రెండుగా విడదీయాలి. మిటిలీనీలో తిరుగుబాటు నడిపింది కొద్దిమంది పెద్దలు. ఆకలి ముదిరాక స్పార్టా దూత సలైథస్ సలహాతో సామాన్యుల చేతికి ఆయుధాలు ఇచ్చారు. ఆయుధాలు అందగానే ఆ జనం పెద్దల మాట వినడం మానేశారు. దాచిన ధాన్యం బయటికి తీసి అందరికీ పంచండి, లేదంటే మేమే ఏథెన్స్‌తో మాట్లాడుకుని నగరం అప్పగిస్తాం అన్నారు. లొంగుబాటు అలా వచ్చింది. అన్ని నగరాల్లోనూ సామాన్యజనం మీవైపున్నారు, మీకు సాయపడ్డవాళ్లనే చంపితే రేపు తిరగబడే పెద్దలకు జనమంతా తోడు దొరుకుతారు అని డయోడోటస్ అన్నాడు. ఈ వాదనకు పునాది అంతా ఒక చిన్న వాస్తవం, తిండి కోసం జరిగిన గొడవ. అలాంటి వాస్తవం ఒక్కటి వెతికి పట్టుకోండి. పది విశేషణాల కన్నా అది బరువు.

చివర్లో ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి

డయోడోటస్ తీర్మానం చిన్నది: నేరస్థులని పాకీస్ పంపినవాళ్లను శాంతంగా విచారించండి, మిగతావాళ్లను అక్కడే బతకనివ్వండి. ఇవాళే చేయగలిగిన పని అది.

తీర్మానాన్ని లెక్కలతో కట్టడం నేర్చుకోవాలంటే తర్వాతి శతాబ్దపు ఏథెన్స్ వక్త డెమొస్తనీస్ దగ్గరికి వెళ్లండి. క్రీ.పూ. 351 నాటి మొదటి ఫిలిప్పిక్ అనే ఉపన్యాసంలో, మాసిడోనియా రాజు ఫిలిప్ మీద నిలబెట్టాల్సిన దళాన్ని అంశాలవారీగా చెబుతాడు. వేగంగా పోయే 10 ట్రైరీంలకు నెలకు ఒక్కోదానికి 20 మినాలు, ఏడాదికి 40 టాలెంట్లు. 2000 మంది కాలిబంట్లకు తలా నెలకు 10 డ్రాక్మాల బత్తెం, అది ఇంకో 40 టాలెంట్లు. 200 మంది రౌతులకు నెలకు 30 డ్రాక్మాల చొప్పున 12 టాలెంట్లు. కాగితం తీసుకుని గుణించి చూడండి, టాలెంటుకు 6000 డ్రాక్మాలు, మినాకు 100. లెక్క సరిపోతుంది. వినేవాడు ఇంటికెళ్లి లెక్కవేసినా తేడా రాకూడదు.

ఖర్చు వాదనలో ఒక ప్రమాదం కూడా ఉంది. క్రీ.పూ. 415లో, అంటే మిటిలీనీ తర్వాత 12 ఏళ్లకు, సిసిలీ ద్వీపం మీద దండయాత్ర వద్దని ఏథెన్స్ సేనాని నిసియాస్ వాదించాడు. మాట నెగ్గలేదు. సరే, భయపెడదామని, పోవాలంటే 100కి తగ్గకుండా ట్రైరీంలు, 5000కి తగ్గకుండా కాలిబంట్లు కావాలన్నాడు. అంత ఖర్చు విని వెనక్కి తగ్గుతారనుకున్నాడు. జనం ఇంకా ఉత్సాహపడి అడిగినంతా ఇచ్చేశారు. ఇష్టంలేనివాళ్లు చేయెత్తి వ్యతిరేకిస్తే దేశద్రోహులంటారేమోనని ఊరుకున్నారు. ఆ సేన రెండేళ్లకు సిసిలీలోనే నాశనమైంది. ఖర్చు ఎంతో చెప్పి ఆగిపోతే గొప్ప కోసం దాన్ని భరిస్తామంటారు. ఆ ఖర్చు లేకుండా అదే ఫలితం వచ్చే దారి పక్కనే చూపించాలి. డయోడోటస్ చూపించాడు, నిసియాస్ చూపించలేదు.

గొంతు, ఓటు

అరిస్టాటిల్ పేరుతో వచ్చిన ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథంలో, వేదిక మీద అరిచి తిట్టి, వస్త్రం బిగించి కట్టుకుని మాట్లాడిన మొదటివాడు క్లియోన్ అని ఉంది. క్లియోన్ పాత్రధారిని అరవనివ్వండి. డయోడోటస్ అరవకూడదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి పొడుగు వాక్యం చేస్తే, వాక్యం పూర్తయ్యేలోపు సభ మొదలు మరిచిపోతుంది. ఆరుబయట మైకు లేకుండా చేయించండి. వెనక బెంచీవాడికి వినబడేలా చిన్న వాక్యాలు అలవాటవుతాయి.

శ్రోతలందరికీ చీటీలు పంచండి: పన్ను కట్టిన ధనికుడు, పాకీస్ సేనలో కొడుకు ఉన్న తండ్రి, మహమ్మారికి భార్యను పోగొట్టుకున్నవాడు, తెడ్డు వేసే పేద పౌరుడు. చీటీలో ఉన్న మనిషిగానే ఓటెయ్యాలి. కళ్లు తెరిచి, చేతులెత్తి.

ఓటయ్యాక అసలు జరిగింది చదివి వినిపించండి. చేతులు దాదాపు సమానంగా లేచాయి, డయోడోటస్ స్వల్పంగా నెగ్గాడు. రెండో ట్రైరీం బయల్దేరేసరికి మొదటిది దాదాపు ఒక పగలూ రాత్రీ ముందుంది. మిటిలీనీ రాయబారులు పడవలోవాళ్లకు ద్రాక్షసారాయి, బార్లీపిండి ఇచ్చి, సమయానికి చేరితే పెద్ద బహుమానం ఇస్తామన్నారు. తెడ్డు వదలకుండానే ద్రాక్షసారాయి, నూనె కలిపిన పిండి ముద్దలు తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. ఎదురుగాలి తగల్లేదు. మొదటి నౌక ఆ పని మీద పోవడం ఇష్టంలేక నెమ్మదిగా వెళ్లింది. పాకీస్ ఆజ్ఞ చదివి అమలు చేయబోతుండగా రెండోది అందుకుంది. అయినా పాకీస్ పంపినవాళ్లలో 1000 మందికి పైగా క్లియోన్ పెట్టిన మరో తీర్మానం మీద చంపేశారు. గోడలు కూల్చారు, నౌకలు లాక్కున్నారు. భూమిని 3000 వాటాలు చేసి, దేవతలకు 300 తీసి, మిగతావి ఏథెన్స్ పౌరులకు పంచారు. ఇది కూడా పిల్లలకు చెప్పాలి. సగం కథ చెప్పి పంపొద్దు.

దీని తర్వాత అభ్యాసం మెలోస్. 416లో ఏథెన్స్ ఆ చిన్న ద్వీపాన్ని ముట్టడించి, లొంగాక మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలు చేసింది. ఆ శిక్ష మీద ఏథెన్స్ సభలో ఎవరేం మాట్లాడారో థుసిడిడీస్ రాయలేదు. ఆ ఉపన్యాసం మీరు రాయండి. మెలోస్ ఏథెన్స్ కూటమిలో ఎప్పుడూ లేదు, కాబట్టి కప్పం పోతుందన్న వాదన అంతగా నిలవదు. లొంగినా చావే అంటే ఇకముందు ఏ ఊరూ లొంగదన్న వాదన నిలుస్తుంది. ఇంకొకటుంది. ముట్టడికి ముందు ఏథెన్స్ దూతలు వస్తే, మెలోస్ పెద్దలు వాళ్లను జనం ముందు మాట్లాడనివ్వకుండా కొద్దిమంది అధికారుల ముందే కూర్చోబెట్టారు. ఊరి జనాన్ని ఎవరూ అడగలేదు. ఉపన్యాసాన్ని అక్కడ మొదలుపెట్టండి, ఐదు నిమిషాల్లో ముగించండి.